వకీలు మాట్లాడని పది నిమిషాలు

పోయిన సోమవారం పరశురాములు వకీలు తన మాట తేల్చి చెప్పేశాడు. హెప్సిబా చేసి తెచ్చిన వెబ్‌సైట్ ఆయనకు నచ్చలేదు. కరీంనగర్ కోర్టులో ముప్పై ఒక్క ఏళ్లుగా సివిల్ కేసులు నడుపుతున్న మనిషి పేజీలో ఆ మనిషి ఫోటోనే లేదు. నల్ల గౌను లేదు. త్రాసు పట్టుకున్న న్యాయదేవత లేదు. తెల్లటి తెర మీద పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో ఐదు ప్రశ్నలు, ఒక ఫోన్ నంబరు, ఆఫీసుకు దారి, అడుగున ఒక ఆకుపచ్చ గుండీ. అంతే.

"గిది వకీలు పేజీ లెక్క లేదు బిడ్డా. బస్‌స్టాండ్ల ఎంక్వయిరీ బోర్డు లెక్కున్నది," అన్నాడాయన.

హైదరాబాద్ కంపెనీ ఒకటి తనకు ఇంకో నమూనా పంపిందని, బంగారు అక్షరాలతో, కదిలే బొమ్మలతో అది దర్జాగా ఉందని, శుక్రవారం దానికే ఊఁ అంటానని కూడా చెప్పాడు. హెప్సిబాకు ఇరవై ఆరేళ్లు. సుల్తానాబాద్ దగ్గరి ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చి, జిరాక్స్ షాపు మీద చిన్న గదిలో కూర్చుని వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. ఇప్పటిదాకా ఒక టెంటు హౌసుకు, రెండు ట్యూషన్ సెంటర్లకు చేసింది. వకీలు పని చేతికి రావడం ఇదే మొదలు. అది జారిపోతుంటే చూస్తూ ఊరుకోలేక, ఆ పూట ఆమె ఒక మాట అడిగింది.

"మీరు చూసుడు కాదు సార్. మీ క్లయింటు ఒకలకు రెండూ చూపిద్దాం. ఆ మనిషి చూస్తున్నంత సేపు మీరు మాట్లాడొద్దు. పది నిమిషాలు చాలు."

ఆయన జూనియర్ భవ్యశ్రీ నవ్వు ఆపుకోవడానికి ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుంది. పరశురాములు గారిని పది నిమిషాలు ఊరుకోబెట్టడం జడ్జిల వల్ల కూడా కాలేదు. కాని ఆయన ఏ సరదాలో ఉన్నాడో, సరేనన్నాడు.

ఆ శుక్రవారం వచ్చింది.

పొద్దున నుంచి ముసురు. బస్సు కిటికీ అద్దం మూసుకోక చినుకులు మోకాళ్ల మీద పడుతున్నాయి. ల్యాప్‌టాప్ సంచిని ఒళ్లో పెట్టుకుని, దాని మీద చున్నీ కప్పి కూర్చుంది హెప్సిబా. కరీంనగర్ ఇంకా రాలేదు, మేనమామ జేమ్స్ ఫోన్ చేశాడు.

"ఆదివారం సాయంత్రం బస్సుకు టికెట్ చేపిచ్చిన. సోమవారం పొద్దుగాల తొమ్మిదింటికి పట్నంల ఆ ఆఫీసుల ఉండాలె నువ్వు. కాల్ సెంటరే గని మంచి జాగా. నేను మాటిచ్చిన."

"మామా, నా పని సంగతి ఇయ్యాల తేలుతది. జర ఆగు."

"ఏం పని బిడ్డా, ఫోన్ల బొమ్మలు గీసుడు ఒక పనా? మీ అవ్వ కూడ పొమ్మన్నది. అడుగు."

అడగాల్సిన పని లేదు. అవ్వ, అంటే తల్లి బుచ్చవ్వ, తన అన్న జేమ్స్ మాటకు ఎదురు చెప్పిన మనిషి కాదు. మిషన్ హాస్టల్ వంటగదిలో ఇరవై ఏళ్లు పప్పు వండి, బాపు పోయిన తర్వాత బిడ్డను డిగ్రీ దాకా చదివించింది గాని, జేమ్స్ ఇంట్లోకి అడుగుపెడితే మాత్రం గోడకు జరిగి నిలబడుతుంది. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా, "మామ చెప్పేది నీ మంచికే," అని మాత్రం అని పళ్లెం తీసుకుని లేచింది. బిడ్డ పని చేసేది ఎవరి దగ్గరో, ఆ వకీలు పేరేమిటో మామ ఇన్ని రోజుల్లో ఒక్కసారీ అడగలేదు. హెప్సిబా కూడా చెప్పలేదు.

కోర్టు వెనక సందులో పరశురాములు ఆఫీసు. వరండాలో పొడుగాటి బల్ల. ఆ బల్ల హెప్సిబాకు బాగా తెలుసు. పని ఒప్పుకున్న కొత్తలో మూడు రోజులు దాని మీద క్లయింట్లతో పాటే కూర్చుని, లోపలికి పోయే ముందు వాళ్లు ఏమడుగుతారో నోటుబుక్కులో రాసుకుంది. ఇంజంక్షన్ అనే మాట గాని, సివిల్ వ్యాజ్యం అనే మాట గాని ఒక్కరి నోట రాలేదు. సారున్నడా? నా వాయిదా ఎప్పుడు? ఏమేం కాగితాలు తేవాలె? నోటీసొచ్చింది, ఏం చేయాలె? ఆడబిడ్డకు వాటా ఉంటదా? మూడు రోజుల్లో నలభై మంది వస్తే అందులో ముప్పై అయిదుగురు ఈ ఐదింట్లో ఏదో ఒకటే అడిగారు. ఆ ఐదూ తీసుకుపోయి పేజీ మీద పెట్టింది. అదే ఆయనకు ఎంక్వయిరీ బోర్డులా కనిపించింది.

లోపల భవ్యశ్రీ హైదరాబాద్ నమూనాను ల్యాప్‌టాప్ మీద తెరిచి చూపిస్తోంది.

"సార్, గీ లైను ఉండొద్దు," అంది వేలితో చూపించి. "ఉత్తర తెలంగాణల నంబర్ వన్ వకీలు అని రాసిండ్రు. బార్ కౌన్సిల్ ఊరుకోదు. మనం పేరు, అడ్రసు, ఫోను, నమోదు నంబరు, చదువు, ఏ తీరు కేసులు చూస్తమో చెప్పుకోవచ్చు. గంతే. గెలిచిన కేసులు, పొగడ్తలు, ఏవీ పెట్టొద్దు."

"ఒక్క లైను తీసేస్తె పాయె," అన్నాడు పరశురాములు. ఆయనకు అరవై దగ్గరపడ్డాయి. కళ్లద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటాయి, చదవాల్సి వచ్చినప్పుడు వాటి కోసం బల్లంతా వెతుక్కుంటాడు. "ఎవలకు చూపిస్తరు మరి? కిష్టవ్వ వాయిదాకొచ్చింది. ఇప్పుడే అయిపోయింది. పిలువున్రి."

కిష్టవ్వది ధర్మపురి అవతలి ఊరు. రెండు బస్సులు మారి వచ్చింది. యాభై దాటిన మనిషి, తడిసిన చీర కుచ్చెళ్లు పిండుకుంటూ గడప దగ్గరే ఆగిపోయింది. ఆమె పొలానికి పోయే బాటను మరిది హనుమండ్లు రాళ్లు పెట్టి మూసేశాడు. మూడేళ్లుగా ఆ కేసు నడుస్తోంది. ఇవాళ కూడా వాయిదా పడింది.

"కూసో అవ్వా," అని కుర్చీ చూపించింది హెప్సిబా. "నీ ఫోనుల రెండు బొమ్మలు చూపిస్త. ఇది నీకు పరీక్ష కాదు. మేం చేసింది మంచిగున్నదా లేదా చూద్దామని. నీ వాయిదా మళ్ల ఎప్పుడో తెలుసుకోవాలె, లేకుంటె సారుతోని మాట్లాడాలె అనుకో. ఎట్ల చేస్తవో చెయ్యి. మనసుల ఏమనిపిస్తె అది పైకను. మేమెవ్వలం మాట్లాడం."

"సారు కూడ మాట్లాడడా?" అంది కిష్టవ్వ అనుమానంగా.

"సారు కూడ మాట్లాడడు."

పరశురాములు తల ఊపి, రెండు చేతులూ కట్టుకున్నాడు. భవ్యశ్రీ తన ఫోన్‌లో పది నిమిషాల గడియారం పెట్టి బల్ల మీద అందరికీ కనబడేలా నిలబెట్టింది.

కిష్టవ్వ చేతిలో ఉన్నది మస్కట్‌లో ఉన్న కొడుకు ముత్యం పంపిన ఫోన్. ఓ మూల పగిలింది. మొదట హైదరాబాద్ నమూనా. నల్లటి తెర మధ్యలో తెల్లటి చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది, తిరిగింది. కిష్టవ్వ ఫోన్‌ను అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"గిది తిరుగుతనే ఉన్నది బిడ్డా. దీంట్ల కూడ వాయిదానేనా?"

భవ్యశ్రీ కిటికీ వైపు తిరిగింది. పరశురాములు మీసం కదిలింది.

చివరికి పేజీ తెరుచుకుంది. చీకట్లోంచి బంగారు అక్షరాలు మెల్లగా పైకి లేచాయి, ఇంగ్లీషులో. వాటి వెనక కళ్లకు గుడ్డ కట్టుకున్న స్త్రీ విగ్రహం.

"గీ తల్లి ఎవలు? కండ్లకు గంతలెందుకు కట్టిండ్రు పాపం?"

పరశురాములు చెయ్యి గాల్లోకి లేచింది. రోమన్లు, గ్రీకులు, సమన్యాయం, ఆయన దగ్గర దానికి అరగంట ఉపన్యాసం ఉంది. భవ్యశ్రీ గడియారం వైపు చూపించింది. చెయ్యి దిగింది.

కిష్టవ్వ విగ్రహాన్ని నొక్కింది. విగ్రహం పక్కకు జారిపోయి, సూటు వేసుకున్న ఇద్దరు మనుషులు చేతులు కలుపుకుంటున్న బొమ్మ వచ్చింది. దాన్ని నొక్కబోయేలోపు అదీ జారిపోయింది. ఆమె బొటనవేలు దాని వెంట పరిగెత్తింది.

"గీ సూట్లు తొడుక్కున్నోళ్లెవలో నాకెరుక లేదు. సారు ఆఫీసుల గిసొంటోళ్లను నేనెన్నడు చూడలే." కింద నుంచి పైకి, పై నుంచి కిందికి జరిపింది. ఫోన్ నంబరు అన్నిటికన్నా అడుగున, బూడిద రంగులో, చీమ తలకాయంత ఉంది. అక్కడిదాకా ఆమె చూపు పోలేదు. ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. "గిండ్ల సారు లేడు బిడ్డా. ఎతికిన. లేడు."

పరశురాములు కళ్లద్దాలు నుదుటి మీద నుంచి ముక్కు మీదికి దించుకుని, ఆ తెర వైపు మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

నాలుగు నిమిషాలు అయిపోయాయి. హెప్సిబా తన పేజీ తెరిచి ఇచ్చింది. వెంటనే వచ్చింది. కిష్టవ్వ మొహం విప్పారింది. కూడబలుక్కుంటూ చదివింది. "నా... వా...యిదా... ఎప్పుడు. నా వాయిదా ఎప్పుడు! గిది తెలుగే."

గెలిచాననే అనుకుంది హెప్సిబా. కాని కిష్టవ్వ అక్కడే ఆగిపోయింది. నొక్కలేదు. చదివి, తల ఎత్తి, తర్వాతేమిటన్నట్టు చూసింది.

"సదివిన," అంది.

ఆ ప్రశ్న మీద నొక్కితే జవాబు తెరుచుకుంటుందని ఆమెకు ఎలా తెలుస్తుంది? దాని చుట్టూ గీత లేదు, పక్కన బాణం లేదు. శుభ్రంగా ఉండాలని హెప్సిబాయే అన్నీ తీసేసింది. చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. మాట్లాడొద్దని నియమం పెట్టింది తనే. పెదవి కొరుక్కుని నోటుబుక్కులో రాసుకుంది.

"గీ పచ్చది కుల్ఫీ లెక్కున్నది," అంది కిష్టవ్వ, అడుగున ఉన్న గుండీని చూసి. రెండు రోజులు కూర్చుని, ఎంతో ముచ్చటపడి గీసుకున్న మైకు బొమ్మ అది. "అయితె ఒక మాటడుగుత బిడ్డా, కోపం చేసుకోకు. గిది సారు ఆఫీసేనని నాకెట్ల తెలుస్తది? సారు ఫోటో లేదు. ఎవలతోని చెప్పుకుంటున్ననో తెల్వకుండ ఎట్ల చెప్పుకుంట?"

పరశురాములు అరచేత్తో తన గుండె మీద రెండుసార్లు తట్టుకుని, హెప్సిబా వైపు కనుబొమలు ఎగరేశాడు. ఆయన మొహంలో అంత సంతోషం ఆమె ఎప్పుడూ చూడలేదు. తను ఓడిపోయినట్టే అనిపించింది హెప్సిబాకు. ఫోటో అంటే వకీలు గారి ముచ్చట అనుకుందే గాని, ఊరి నుంచి వచ్చే మనిషికి అదే గుర్తు అని ఆమెకు తట్టనే లేదు.

గడియారంలో మూడు నిమిషాలు మిగిలాయి. కిష్టవ్వకు ఇంక చేయాల్సిందేమీ కనబడలేదు. ఊరికే, ఏమవుతుందో చూద్దామని, ఆ కుల్ఫీ మీద వేలు పెట్టింది. ఫోన్ చిన్నగా మోగి, తెర మీద ఎగుడుదిగుడు గీతలు కదలడం మొదలుపెట్టాయి.

"ఓ, గిది మా ముత్యంతోని మాట్లాడే అసొంటిదే కదా," అంది.

ఇక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. కొడుక్కి రోజూ మాటలు పంపే అలవాటే. లేచి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, కొడుకుతో మాట్లాడేటప్పుడు చేసినట్టే గోడ వైపు తిరిగింది. గదిలో ముగ్గురున్నారన్న సంగతి ఆ గోడకు తిరగగానే మరిచిపోయినట్టుంది.

"సారూ, నేను కిష్టవ్వను. బాట కేసు కిష్టవ్వను. ఒక్క మాట అడుగుదామని ఏడాది సంది తిరుగుతున్న. మీ ముందటికొస్తె నోరు లేస్తలేదు. మీరు చట్టం ముచ్చట చెప్తుంటె ఊఁ కొట్టి పోతున్న. పోయినేడు పోచమ్మ బోనాల నాడు మా మరిది హనుమండ్లు ఇంటికొచ్చిండు సారూ. అరుగు మీద కూసున్నడు. వదినే, రాళ్లు తీసేస్త, నీ ట్రాక్టరు పోనీ, ఇగ కోర్టుకు తిరుగుడు నాతోని కాదు అన్నడు. నేనేం చెప్పలే. సారు నా కోసం ఇన్నేండ్లు కొట్లాడుతుండు, నడుమల రాజీ అంటె సారుకు తక్కువైతదేమో, కోపమొస్తదేమో అని భయం. మా మరిది మంచోడే సారూ, జర మొండి. మీరు కోపానికి రాకుండ్రి. రాజీ పడొచ్చా? గంతే చెప్పుండ్రి, చాలు."

వేలు తీసింది. ఫోన్ మళ్లీ మోగింది. కిష్టవ్వ ఇటు తిరిగి, పరశురాములును చూసి, అప్పుడు గుర్తొచ్చినట్టు నాలుక కరుచుకుంది.

గడియారంలో ఇంకా ఒకటిన్నర నిమిషం ఉంది. హెప్సిబా అనుకుంది, ఇప్పుడు మాట్లాడతాడు, ఎవరైనా మాట్లాడతారు. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. వాటి గాజును పంచె చెంగుతో తుడుస్తూ కూర్చున్నాడు. బయట సందులో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. ఆ చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది. భవ్యశ్రీ ఫోన్ టింగుమంది.

పది నిమిషాలూ అయిపోయాక ఆయన జూనియర్ వైపు తిరిగాడు.

"భవ్యా, పోయిన బోనాల సంది గీ కేసుల ఎన్ని వాయిదాలైనయ్?"

ఆమె ఫైలు తిప్పింది. "ఆరు సార్. ఇయ్యాలటిది ఏడు."

"ఏడుసార్లు గా మనిషి రెండు బస్సులు మారి వచ్చింది. నాకు చెప్దామని." ఆయన కుర్చీ జరుపుకుని కిష్టవ్వ ఎదురుగా కూర్చున్నాడు. బల్ల ఇప్పుడు వాళ్లిద్దరి మధ్య లేదు. "కోపమెందుకొస్తది కిష్టవ్వా. బాట నీది, మరిది నీవాడు. రాజీ అంటె నాకు తక్కువైతదని ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఎవలు చెప్పలే. నేనే అనుకున్న."

"నిన్ను నేనే మాట్లాడనియ్యలే." ఆ మాట ఆయన తనతోనే అనుకున్నట్టు మెల్లగా అన్నాడు. తర్వాత గొంతు సర్దుకుని, "రాజీ పడొచ్చు. లోక్ అదాలత్ల పెట్టుకుందాం. ఇద్దరు సంతకాలు పెడితె జడ్జి దాన్ని తీర్పు చేసి ఇస్తడు. రేపు మళ్ల ఎవలు రాళ్లు పెట్టకుండ, బాట ఎంత వెడల్పో, ఎక్కడి నుంచి ఎక్కడిదాకో, అన్ని అండ్ల రాపిస్త. హనుమండ్లును తోలుకరాగలవా?"

"ఫోన్ చేస్తె రేపే ఉరికొస్తడు సారూ. తిరిగి తిరిగి వాని మోకాళ్లు కూడ పోయినయ్." కిష్టవ్వ నవ్వబోయింది. నవ్వు సగంలోనే కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. కొంగుతో తుడుచుకుని, లేచి, చెప్పులు వెతుక్కుంటూ, "మరి వచ్చే ముందుగాల గా కుల్ఫీ ఒత్తి చెప్పాలెనా?" అని అడిగింది.

"చెప్పు," అన్నాడు పరశురాములు. "నేను వింట."

ఆమె వెళ్లిపోయాక గదిలో వాతావరణం తేలికపడింది. పరశురాములు చాయ్ తెప్పించాడు. హెప్సిబా నోటుబుక్కు తెరిచి, తాను చేసిన తప్పులు తానే చదివింది. ప్రశ్నల చుట్టూ గడి కట్టాలి, పక్కన బాణం గుర్తు పెట్టాలి. మైకు బొమ్మ తీసేసి, 'ఇక్కడ నొక్కి మాట్లాడండి' అని మాటల్లోనే రాయాలి. ఫోటో పెట్టాలి.

"ఫోటో," అన్నాడాయన వేలెత్తి.

"పెడుత సార్. కాని గౌనుతోని కాదు. ఆమెకు తెలిసిన సారు కావాలె ఆమెకు."

కళ్లద్దాలు నుదుటి మీదికి పోయి, చేతిలో చాయ్ గ్లాసు, పక్కన ఫైళ్ల కుప్ప, ఆయన ఏదో అనబోతున్న ఆ క్షణాన భవ్యశ్రీ ఫోటో తీసేసింది. ఆయన దాన్ని చాలాసేపు చూసుకుని, బాగాలేదని అనలేదు. హైదరాబాద్ కంపెనీకి వద్దని చెప్పమన్నాడు. పేజీ పైన ఒక వాక్యం మాత్రం, బార్ కౌన్సిల్ అడ్డు చెప్పకుండా, భవ్యశ్రీ పట్టుబట్టి రాయించింది, ఇది ప్రచారం కాదు, మీ అవసరానికి మీరై చూస్తున్నారు అని. వచ్చే నెల మంచిర్యాలలో ఉన్న తన స్నేహితుడు ఓంప్రకాశ్ వకీలుతో కూడా మాట్లాడతానని పరశురాములు అన్నప్పుడు, హెప్సిబా చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. మామకు ఫోన్ చేయాలి. టికెట్ రద్దు చేయించమని చెప్పాలి. ఎదురు చెప్పడం ఎలా ఉంటుందో అని ఇన్నాళ్లూ భయపడింది. ఇవాళ ఆ భయం కోసం వెతికితే అంతగా కనబడలేదు.

"గా మాటలు నాకెట్ల వినవడతయి?" అన్నాడాయన.

"ఆఫీసు ఫోనుకే వస్తయి సార్. మీరు, భవ్య తప్ప ఎవ్వలు వినలేరు. నేను కూడ వినలేను. అట్లనే చేసిన."

భవ్యశ్రీ ఆఫీసు ఫోన్ తీసి చూసింది. "రెండున్నయ్ సార్. ఒకటి కిష్టవ్వది. ఇంకోటి నిన్న సాయంత్రం వచ్చింది."

నిన్న మధ్యాహ్నం అక్షరాలు సరిగ్గా కనబడుతున్నాయో లేదో చూడమని హెప్సిబా ఏడుగురికి లింకు పంపింది. చర్చిలో పాటలు పాడే స్నేహితురాలు ఆరాధనకు, ట్యూషన్ సెంటర్ వాళ్లకు, హాస్టల్ వార్డెన్‌కు, అవ్వకు. వాళ్లలో ఎవరో సరదాగా నొక్కి చూసి ఉంటారనుకుంది. అయినా లేచి నిలబడింది.

"నేను బయట ఉంట సార్. ఎవలదైనా సరే, నేను వినొద్దు."

ఆయన మెచ్చుకోలుగా తలాడించి, ఫోన్ అందుకుని నొక్కాడు. హెప్సిబా అప్పటికి తలుపు దగ్గరకు పోయింది. ఒక చెయ్యి గొళ్లెం మీద ఉంది.

"వందనాలయ్యా."

ఆ ఒక్క మాటకే ఆమె కాలు ఆగిపోయింది. ఆ మాట తర్వాత చిన్నగా ఊపిరి పీల్చుకోవడం, ఎవరైనా వింటున్నారా అని చూసుకునే ఆ ఆలస్యం, పుట్టినప్పటి నుంచి వింటోంది.

"నా పేరు బుచ్చవ్వ. మాది సుల్తానాబాద్ దిక్కు. మా నాయిన కాలం చేసి పదేండ్లయింది. వీలునామా కాగితమేం రాయలే. ఆయన పేరు మీద ఎకరం పొలం, పాత ఇల్లు ఉన్నయ్. మా అన్న సోమవారం రిజిస్ట్రేషన్ పెట్టిండు. నువ్వొచ్చి సంతకం పెడితె చాలు, నీకేం రాదు, ఆడిదానికి వాటా లేదు అంటుండు. ఉన్నదో లేదో నాకు తెల్వది. మా అన్న మాట నేనెన్నడు కాదనలే. కాని నా బిడ్డ చేసిన గీ పేజీల వాటా సంగతి రాసున్నది. రెండుసార్లు సదివిన. నా బిడ్డ ఇంటి దగ్గరుంటె అడ్డమొస్తదని ఆమెను ఆదివారమే పట్నం తోలుతుండు మా అన్న జేమ్స్. ఆమెకు ఈ ముచ్చట చెప్పకుండ్రి. ఆమె మంచిగుండాలె. నేను సంతకం పెట్టాల్నా, వద్దా—"

మాట మధ్యలో ఆగిపోయింది. పరశురాములు ఫోన్ ఆపేశాడు.

హెప్సిబా వెనక్కి తిరిగింది. ఆయన మొహం రంగు మారిపోయి ఉంది. తను విన్నానని ఆయనకు కోపం వచ్చిందేమోనని ఒక్క క్షణం అనుకుంది. కాని ఆయన తన వైపు చూడటం లేదు. బల్ల సొరుగు వైపు చూస్తున్నాడు.

"ఆమె మా అవ్వ సార్," అంది. "పూర్తిగ వినుండ్రి. ఆమె అడిగింది మిమ్మల్ని."

"నేను ఈ మాట వినగూడదు బిడ్డా. విన్నంత వరకే ఎక్కువైంది."

"ఎందుకు?"

ఆయన సొరుగు లాగి, దారంతో కట్టిన పల్చటి ఫైలు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. అట్ట మీద మామ పేరు హెప్సిబాకు తలకిందులుగానే కనబడింది. పక్కనే సోమవారం తేదీ.

"ఎందుకంటె, మీ అవ్వ సంతకం పెట్టబోయే కాగితం, వాటా వదులుకునే కాగితం, రాసిచ్చింది నేనే. జేమ్స్ నా క్లయింటు. అవతలోళ్ల మాట నేను వినగూడదు."

హెప్సిబా తలుపు మూసి, గొళ్లెం వేసి, వెనక్కి వచ్చింది. ఇందాక కిష్టవ్వ కూర్చున్న కుర్చీని బల్ల దగ్గరకు లాక్కుని, ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"సార్," అంది, "ఈ పది నిమిషాలు నేను మాట్లాడుత."